దుబాసి ఆగిన చోట

ఇనారికి ఉత్తరాన, మార్చి నెలలో
ఫైర్ స్టేషన్ హాల్లో విచారణ.
గోడకి హెల్మెట్లు, బల్ల మీద మూడు కాఫీ ఫ్లాస్కులు,
గని కోసం వెయ్యబోయే రోడ్డు మ్యాపు
పిన్ను చాలక ఒక మూల వేలాడుతోంది.

హెల్సింకి నుంచి వచ్చిన తార్మో
ఫారంలో తొమ్మిదో గడి దగ్గర ఆగి అడిగాడు:
"ప్రకృతికి నష్టం ఎంత?"
లువొంతొ, అన్నాడు తన ఫిన్నిష్‌లో.

దుబాసి రిస్తిన్ ఆ మాటని
వాళ్లమ్మ సామీ భాషలోకి ఒంపింది: లువొందు.
పెద్ద పనేం కాదు.
'త' కాస్త మెత్తబడి 'ద' అయింది.
పాలగ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారినట్టు,
చుక్క ఒలకలేదు.

ముసలి యోవ్నా చాలాసేపు టోపీ తిప్పుకుంటూ కూర్చున్నాడు.
"నష్టమా? మొత్తం పోయింది," అన్నాడు చివరికి.
"నా మందకి ముందు నడిచే ఆడ రెయిన్‌డీర్ ఒకటి,
ఎడమ చెవికి మూడు గాట్లు.
గాలి వాసన పట్టందే ఏరు దాటేది కాదు.
తిట్టినా దాటేది కాదు. అదీ దాని లువొందు.
పోయిన చలికాలం పాత రోడ్డు మీద ఉప్పు చల్లారు.
ఇప్పుడది లారీల వెనకాల రోడ్డు నాక్కుంటూ పోతోంది.
మేత ఉంది. ఏరుంది. అదీ బతికే ఉంది.
లువొందే లేదు."

తార్మో కళ్లజోడు తీశాడు.
"అది జంతువు స్వభావం.
నేనడిగేది ప్రకృతి గురించి."

అక్కడ ఆగింది దుబాసి.
ఇందాకటి మాటే మళ్లీ చెప్పాలి,
ఇది అది కాదని చెప్పడానికి.
మంచినీళ్లు తాగింది.
మెఅత్సి అనొచ్చు. కానీ
మెఅత్సి అంటే పని మీద వెళ్లే చోటు.
చేపల మెఅత్సి వేరు, కట్టెల మెఅత్సి వేరు,
ఆగస్టులో పసుప్పచ్చ పళ్లు ఏరుకునే మెఅత్సిని
ఆమె పిన్ని చచ్చినా ఎవరికీ చూపించలేదు.
ఊరికే నిలబడి చూసి
ఆహా అనుకోవడానికి
అందులో ఏ ఒక్కటీ లేదు.

మినిట్స్ కొడుతున్న మాయ్లేది ఎస్టోనియా.
ఆమె వేళ్లు కీబోర్డు మీద తటపటాయించాయి;
వాళ్ల మాటలో సృష్టీ ఉంది, పక్కనే పశువూ ఉంది.
స్టవ్వు బాగుచెయ్యడానికొచ్చి కాఫీకి ఉండిపోయిన గెన్నాది
రష్యన్‌లో ఏదో గొణిగాడు.
ఆ గొణుగుడులో వంశం, పురుడు.

ఈ కవిత రాస్తున్న భాష మాత్రం తక్కువ తిందా?
బడిలో పంతులు ప్రకృతి పక్కన వికృతి రాయించాడు,
రాత్రికి రాతిరి, విద్యకి విద్దె.
వైద్యుడు నాడి పట్టుకుని మీది వాత ప్రకృతి అన్నాడు.
పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని
మా మేనత్త నన్నే చూసి అనేది.
యోవ్నా జింక ఆ సామెత విన్నట్టు లేదు.
దాని బుద్ధి రెండు బస్తాల ఉప్పుకే పోయింది.

తార్మోకి ఎందుకో నాయనమ్మ గుర్తొచ్చింది.
తాత తాగొచ్చిన రోజు
చీపురు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి
"నా లువొంతొ లేస్తోంది, దూరంగా ఉండు" అనేది.
ఆ మాటలో అప్పుడు చెట్లు లేవు, సరస్సు లేదు.
ఒంట్లో ఎక్కడో ఏదో
పొయ్యి మీద పాలలా పొంగేది.

అదేమీ చెప్పలేదు తార్మో.
పెన్ను మూత పెట్టి, తీసి,
"దానికెన్నేళ్లు?" అని అడిగాడు.

ఆ పూట మొత్తంలో
రిస్తిన్ ఆలోచించకుండా మార్చిన వాక్యం అదొక్కటే.

"పదకొండు," అన్నాడు యోవ్నా.
తొమ్మిదో గడిలో పదకొండు అంకె వేసి
మాయ్లే తలెత్తి చూసింది, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు.

బయట, మనుషులు జారిపడకుండా,
ఎవరో హాలు మెట్ల మీద ఉప్పు చల్లుతున్నారు.