పడవ నీలం

డబ్బాలో సగం మిగిలింది పడవ రంగు.
అంతర్వేది పల్లిపాలెంలో బస్సెక్కి
ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు మా తమ్ముడు ఏసుబాబు.
గన్నవరం అక్విడక్టు మీద కుదుపుకి
చొక్కా మీద రెండు చుక్కలు.
"పారబొయ్యడానికి చేతులు రాలేదక్కా" అన్నాడు.
మూత లేపితే పైన మీగడ కట్టి ఉంది.
పుల్లతో చీలిస్తే
కింద, అమ్మో, ఎంత నీలమో.

మా ఇంట్లో రంగుకి నోచుకున్నది ఒక్కటే,
వంటింటి బల్ల.
మామిడి చెక్క. మూడు కాళ్లు దానివే,
నాలుగోది కొబ్బరిమొద్దు.
పోయినేడు గోదారి గడప దాటొచ్చినప్పుడు
మేం బియ్యం అటక మీదికి ఎక్కిస్తుంటే
ఈ బల్ల లేచింది.
ఎవరూ లేపలేదు, దానంతటదే.
రెండు గిన్నెల్నీ ఉప్పు జాడీనీ ఎక్కించుకుని
వీధి గుమ్మం వైపు బయల్దేరింది.
గుమ్మం ఇరుకు కాబట్టి సరిపోయింది,
లేకపోతే ఈపాటికి సముద్రంలో ఉండేది.
కాలు విరిగింది అక్కడే.

ఉప్పు కాగితం పెట్టి రుద్దుతుంటే
పసుపు వచ్చింది, చింతపండు మరక వచ్చింది,
పగుళ్లలోంచి ఒండ్రు రాలింది,
ఏ ఊరి చేను మట్టో, ఇంకా మెత్తగానే ఉంది.
ఊడ్చి గుమ్మం పక్కన బచ్చలి మొదట్లో పోశాను.

"వంటింట్లో నీలమేంటే" అంది మా అత్త మార్తమ్మ,
"రేవులో కూచుని తింటున్నట్టుంటది."
తింటే తిందాం లెండి అన్నాను.

రంగు ఆరదు, గాలి ఆగదు.
అంబాజీపేట దారిలో పీచు మిల్లు తిరుగుతున్నంతసేపూ
మా గాలికి పీచు ఉంటుంది.
తడి మీద వాలిన ప్రతి పోగునీ
సూదితో ఎత్తుతూ కూచున్నాను,
పిల్లదాని తలలో పేలు చూసినట్టు.

ఏసుబాబు వెళ్తూ ఓ మాట చెప్పాడు:
"పడవకి అడుగునే మందంగా వెయ్యాలక్కా,
ఎవరూ చూడని చోటే నీళ్లు చూస్తాయి."
సరేనని వెల్లకిలా పడుకుని
బల్ల కిందికి దూరాను.

అక్కడున్నాయి గీతలు.
మేకుతో గీసినవి. పెన్సిలైతే గోదారే తుడిచేసేది.
నాలుగు నిలువు, మీద ఒక అడ్డం,
మళ్లీ నాలుగు, మళ్లీ అడ్డం,
ఈ మూల నుంచి ఆ మూల దాకా.

పాల లెక్కా అత్తయ్యా? అడిగాను కింద నుంచే.
జవాబు లేదు. ఆవిడ పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి,
కాసేపు కదలకుండా.
"కాదు" అంది.
చాలాసేపయ్యాక
"మీ మామ చెయ్యి చేసుకున్న రోజులు" అంది,
కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా.
"ఎప్పటికైనా ఎవరికైనా చూపిద్దావనుకున్నాను.
ఎవరికి చూపించాలో తోచలేదు."

మామయ్య ఫొటో ముందుగదిలో ఉంది,
నవ్వుతూ, ప్లాస్టిక్ దండతో.
నేను చూడనే లేదు ఆయన్ని.

నా బ్రష్ నుంచి నీలం కారి మోచేతి దాకా వచ్చింది.
వెయ్యనా, వదిలెయ్యనా?
"ఇటియ్యి" అంది.
డెబ్భై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పి మనిషి,
చీర కుచ్చెళ్లు దోపుకుని
నా పక్కన నేల మీద పడుకుంది.
ఒక పూత వేసింది. గీతలు కనిపిస్తున్నాయి.
"పడవకి ఎన్ని వేస్తాడే మీ తమ్ముడు?"
మూడండీ.
"అయితే మూడు."

నేను డబ్బా పట్టుకున్నాను, ఆవిడ వేసింది.
పైన సగం బల్ల ఇంకా చెక్కరంగులోనే ఉంది,
రంగంతా అడుక్కే అయిపోయింది.
ఇప్పుడు కంటికి ఏమీ లేదు.
వేలు పెడితే మాత్రం తెలుస్తుంది.

ఆ వారం చర్చిలో పాటల పుస్తకం తిప్పుతుంటే
ఆవిడ గోళ్ల చుట్టూ నీలం.
పక్కనున్న కరుణమ్మ ఏంటని అడిగితే
"పడవకి రంగేశాం" అంది.

బల్ల అడుగు ఇంకా జిగురుగానే ఉంది.
మా ఆయన సందేహంగా తాకి చూసి
వేలు లుంగీకి తుడుచుకుని
ఇది ఆరే రకం కాదన్నాడు.
"ఆరుద్దిలే" అంది మార్తమ్మ
చేటలో బియ్యం చెరుగుతూ,
"గోదారి వచ్చేలోగా."