తీపినీళ్ళ కాలం

దిండి రేవులో పంటు ఒకచోట ఉండదు.
పోటుకి నడుమెత్తు లేస్తుంది,
పాటుకి బురద మీద కూలబడుతుంది.
దాని మీదికి కరెంటు తీసుకెళ్ళడమంటే
ఊగే ఉయ్యాల్లో పిల్లకి అన్నం తినిపించడమేనని
మా మేస్త్రి ఏసుపాదం అనేవాడు.
తీగ బిగిస్తే తెగుతుంది,
వదిలేస్తే నీళ్ళు తాగుతుంది.
అందుకే గట్టుకీ పంటుకీ మధ్య రెండు బారల వదులు,
మందపాటి రబ్బరు తొడుగు,
కొక్కేనికి వేలాడే వంపు.
ఎంత పోటొచ్చినా ఆ వంపు తడవకూడదు.

ఇదంతా ఇప్పుడు చెప్తున్నాను.
అప్పుడు తెలీదా అంటే, తెలుసు.
హౌస్‌బోటు వాళ్ళకి తొందర,
శనివారానికి పెళ్ళివారు దిగుతున్నారు,
నా దగ్గర మిగిలింది అర చుట్ట తీగ.
రెండు ముక్కలు మెలేసి
నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టాను.
బొటనవేలితో నొక్కి "ఏం కాదులే" అన్నాను.
ఆ మాట ఇంకా
ఆ వేలికి అంటుకునే ఉంది.

శ్రావణం. ఎర్రనీరు దిగొచ్చి
వశిష్ఠ అంతా తీపెక్కిన వారం.
కొప్పాడి లోవరాజు, పద్దెనిమిదేళ్ళవాడు,
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి
బీడీ తడవకుండా ఈదేవాడు,
తాడు చిక్కు తీద్దామని దిగి
పంటుకి బారెడు దూరంలో ఆగిపోయాడు.
కేక లేదు. చేతులు కొట్టుకోలేదు.
మర్చిపోయిందేదో గుర్తు చేసుకుంటున్నట్టు
మొహం పెట్టి
మునిగాడు.

"గంగమ్మ పిలిచింది" అన్నారు.
"ఫిట్సు" అన్నారు.
"ఈతొచ్చినోడికే నీటి గండం" అన్నాడొకాయన చుట్ట ఆర్పుతూ.
నేనేమీ అనలేదు.
పంటు గొలుసుకి టెస్టరు ఆనించాను.
చిన్న ఎర్ర దీపం.

వేసవిలోనూ ఆ అతుకు ఇలాగే కారుంటుంది.
ఎవరికీ తెలీలేదు.
సముద్రం ఎగదన్నిన ఉప్పునీళ్ళలో
కరెంటుకి మనిషితో పనిలేదు,
నీళ్ళే దానికి రోడ్డు, మన పక్కనుంచే పోతుంది.
తీపినీళ్ళలో దానికి దారి దొరకదు.
ఉప్పున్న ఒంటిని వెతుక్కుంటుంది.
చెమటా నెత్తురూ ఉప్పే కదా.
దోసిట పట్టి తాగే నీళ్ళు,
వరి పాలుపోసుకునే నీళ్ళు,
ఆ నీళ్ళే.

ఇప్పుడు గట్టు మీద, వరద గుర్తుకి పైన, పెట్టె ఉంది.
లోపల ముప్పై మిల్లీ యాంపులకే అలిగే స్విచ్చి.
వెళ్ళిన కరెంటు వెళ్ళినంతా తిరిగి రాకపోతే
లెక్క తేలలేదని టక్కున పడిపోతుంది,
చిల్లర దగ్గర మా అమ్మలాగా.
పంటు ఇనుమంతటినీ ఒకే పచ్చ తీగకి కలిపాను.
గొయ్యి తవ్వి, రాగి పలక దించి,
బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా పరిచాను.
గంపెడు ఉప్పు.
పోస్తుంటే చెయ్యి ఆడలేదు.
ఇక అతుకుల్లేవు. తీగ చాలకపోతే
పని ఆపేస్తాను, తిట్లు తింటాను.

గోడ మీద రాయించాను:
ఎవరైనా నీళ్ళలో బిగుసుకుపోతే దూకకు,
ముందు మెయిన్ దించు.
పడవల పిల్లలు నవ్వారు.
మునుగుతున్నవాణ్ణి చూస్తూ ఒడ్డున నిలబడటం
వాళ్ళకి నేర్పడం
ఈత నేర్పినంత సులువు కాదు.

టేపు సంగతి బంగారమ్మకి చెప్పాను.
లోవరాజు తల్లి. రొయ్యలు వొలుస్తోంది.
ఒలిచిన తలలు ఒకవైపు, ఒళ్ళు ఒకవైపు.
చాలాసేపు వొలిచింది.
తర్వాత చేతులు కడుక్కుని
"ఆ బొత్తం ఏదీ, చూపించు" అంది.

రోజూ తెల్లారగట్ల నాలుగింటికి
చేపల గంప దించి, చెంగుతో వేలు తుడుచుకుని
పెట్టె తలుపు తీసి టెస్ట్ బొత్తం నొక్కుతుంది.
టక్.
రేవంతా చీకటి. ఏటి చప్పుడు పెరిగినట్టుంటుంది.
మళ్ళీ పైకెత్తుతుంది.

ఒక్కోరోజు రెండుసార్లు నొక్కుతుంది.
నేనడగను.