మూడో మలుపు

అల్మాస్‌పేట షెడ్డులో
అంబాసిడర్ నోరు తెరిచి నాలుగు రోజులు.
పాత రేడియేటర్ విప్పితే
తుప్పునీళ్లు, ఎండిన తూనీగ ఒకటి,
కారడం ఆగుతాదని మొన్న నేను పోసిన పసుపు.

కొత్తది అల్యూమినియం. వేరే బండికి పుట్టింది.
"బెత్తెడు ఎక్కువుండాదన్నా" అని దస్తగిరి
పాత మంచం యాంగిల్ కోసి రెండు చెవులు చేసినాడు,
ఆకురాయితో గీకి గీకి
రబ్బరు వాషర్ల మీద కూర్చోబెట్టినాడు.
"మరీ బిగీకూడదు. అదిరేదానికి రోంత చోటియ్యల్ల."

ఫ్యాన్లు రెండు.
వైరు ఇట్ల కలిపితే ఊదుతాది, అట్ల కలిపితే పీలుస్తాది.
బీడీకట్ట కాయితం ముందర పట్టినాడు
ఎగిరొచ్చి నా మొగాన పడింది.
నవ్వి, వైర్లు మార్చినాడు.
ఈసారి కాయితం పోయి జాలీకి అతుక్కుంది
పొదుగు దొరికిన దూడ మాదిరి.

ఇంజన్ ఆన్‌లో పెట్టి ఇద్దరం గోనెసంచి మీద.
ఎనభై.
ఎనభై అయిదు.
వాని గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.
తొంభై దాటినాక టక్‌మని రిలే,
షెడ్డులో దుమ్మంతా లేచి నిలబడింది.

ఆదివారం గువ్వలచెరువు ఘాటెక్కినాం.
బిందె పట్టుకుని నేను దిగే మూడో మలుపు
దిగకుండానే దాటిపోయింది.
పైన కోవా అంగడి నాగసుబ్బమ్మ
మా హారన్ విని చెంబుతో లేచింది.
అద్దంలో ఆమె, ఆమె చేతిలో చెంబు
చిన్నగా, ఇంకా చిన్నగా.

ఫర్లాంగు పోయినాక బ్రేకు తొక్కినాను.
"మళ్లా కాగిందా?" అనింది మా ఆవిడ.
సూది ఉండాల్సిన చోటే ఉంది.
రివర్స్ వేసినాను.