మీటరు తిరగని ఇల్లు

న్యూ మెక్సికో తూర్పు కొసన, మా ఊరి నీళ్ళ ఆఫీసులో
మీటర్లు చదవడం నా పని.
వాన మొహం చాటేసి ఇది మూడో ఏడు.
ఇనప మూత ఎత్తి, సాలెగూడు దులిపి,
అంకె రాసుకుంటాను.
గడ్డి తడిపినవాళ్ళ తలుపు సందులో
జరిమానా చీటీ దోపి
కుక్క లేవకముందే గేటు దాటేస్తాను.

పద్నాలుగో నంబరు. యుఫేమియా గయ్యేగోస్.
ఒక మనిషి, ఒక పిల్లి, ఒక కాఫీ గిన్నె.
అంతకు మించి ముల్లు కదల్లేదు.
వాకిలి మాత్రం పచ్చగా ఉంది.
గడ్డి పచ్చ కాదు, పసుపు పచ్చ,
ఎవరో చాప పరిచి ఆరబోసినంత.

దొంగ నీళ్ళే అనుకున్నాను.
గొట్టం కోసం కంచె చుట్టూ వెతికాను.
మట్టిని మడమతో పొడిచి చూశాను,
మడమే నొచ్చింది.

ఆవిడ తలుపు తీసింది:
"పదకొండింటికొచ్చి పువ్వుని నిలదీస్తే ఏం చెబుతుంది?
తెల్లారకముందు రా."

వెళ్ళాను, యూనిఫాం లేకుండా.
ఇంకా చలి. దూరంగా గూడ్సు బండి
మా ఊరు ఉన్నట్టే తెలియనట్టు పోతోంది.
గేటు దగ్గరే ఆగిపోయాను:
పాలు కాచి చాక్లెట్టు కలుపుతున్న వాసన.
వంటింటి కిటికీ చీకటిగానే ఉంది.

వంగితే తెలిసింది.
ఎనిమిది రేకులు, నడుమ ముదురు కన్ను.
రేకు వెనక్కి తిప్పితే సన్నటి ఎర్ర చారలు,
తప్పుల కింద టీచరు గీసినట్టు.

"మేం నాటింది కాదు.
గడ్డి వేద్దామని మా ఆయన తవ్వాడు.
పార కర్ర విరిగింది, వేరు అడుగు దొరకలేదు.
ఆ గడ్డీ పోయింది, ఆయనా పోయాడు,
ఇదేమో..."
మాట అక్కడే వదిలేసి కాఫీ ఇచ్చింది,
మీటరు లెక్కకొచ్చే కాఫీ.

మధ్యాహ్నం మళ్ళీ అటే పని పడింది.
ఎండకి రేకులన్నీ రాలి
ఆకుపచ్చ గిన్నెలు మిగిలాయి, బోసిగా,
నిలబెట్టి అడిగినా ఏమీ ఒప్పుకోనట్టు.
"అనుమానం" అన్న గడి కొట్టేశాను.
"కారణం" అన్న గడి ఖాళీగా వదిలేశాను.

ఆ రాత్రి మా పెరట్లో,
దీపం ఆర్పి, చెప్పులు విప్పి,
నాలుగు వారాలుగా నా గడ్డికి నేను మోస్తున్న బకెట్టుని
గోడవారగా బోర్లించాను.
అడుగున మిగిలిన చెంబెడు నీళ్ళు
ఎటు పోవాలో తెలియక
కాసేపు నా కాళ్ళ చుట్టూ తిరిగాయి.