మూత కొంచెం వదులుగా

జూన్ మొదటి వానకి మా రైల్వే క్వార్టర్సు రోడ్డంతా ఊదా.
చెప్పుల అడుగున నేరేడు, సైకిలు టైరుకి నేరేడు,
యూనిఫాం ఆరేసిన తీగ కింద నేరేడు.
ఊడ్చేవాళ్ళు తిట్టుకునే చెట్టు అది.
మేవిస్ ఆంటీ మాత్రం పాత దుప్పటి పరిచి
కొమ్మ ఊపడానికి నన్ను పిలిచేది.
"ఎక్కువ కడగకోయ్. తొక్క మీది బూడిదే పని చేసేది."
ఆవిడ తెలుగు పట్టాల పక్కన నేర్చుకున్నది,
ఆగాల్సిన స్టేషనులో ఆగదు.

ఐదు కిలోల పండు.
పిక్క చితికితే చేదు, అందుకని చేత్తోనే పిసకాలి.
డీజిల్ షెడ్డులో ఇరవై ఏళ్ళు గ్రీజు తాగిన వేళ్ళు
వారం రోజులు ఊదాగా ఉంటే
ఫోర్‌మన్ సన్నిబాబు అడిగాడు,
"ఏటి, ఇంకు పెన్నులు రిపేరు చేస్తన్నావేటి?"

మూడు కిలోల పంచదార. గుప్పెడు గోధుమలు.
లవంగాలు నాలుగే, ఐదోది వేస్తే
పంటి డాక్టరు గది వాసనంటుంది ఆంటీ.
ఊరగాయ జాడీ గౌరీశ్వరి ఇవ్వనంది.
"దాని ఘాటు పోదు. మీ వైను అన్నంలో కలుపుకోవాల."
పూర్ణా మార్కెట్లో కొత్తది కొన్నాను,
అంచు పెచ్చు ఊడిందని యాభై తగ్గించాడు.

రోజుకోసారి కర్ర గరిటెతో ఒకే వైపు తిప్పాలి.
ఎందుకు ఒకే వైపో ఆంటీకీ తెలీదు.
వాళ్ళమ్మ అలా తిప్పేదట.

మూడో రాత్రి మొదలైంది చప్పుడు.
చినుకులా కాదు,
ఎండుటాకుల మీద చీమలు బయల్దేరినట్టు.
ఇంజనుకి చెవి ఆనించి
ఏ వాల్వు అబద్ధమాడుతోందో చెప్పగలను నేను.
మంచం కింద బోర్లా పడుకుని జాడీకి చెవి పెట్టాను.
ఇందులో అబద్ధం లేదు. తొందరా లేదు.
గౌరీశ్వరి లైటు వేసి, చూసి,
ఏమీ అనకుండా ఆర్పేసింది.

ఆ ఏడాది సీసా మూతలు బిగించేశాను,
బిగించడమొక్కటే తెలిసిన చెయ్యి.
అర్ధరాత్రి ఒకటి పేలింది.
పక్కింటివాళ్ళు రిఫైనరీ అనుకుని
పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీదికొచ్చేశారు.
ఆంటీ నైటీలోనే వచ్చి మా పైకప్పు చూసింది.
"ఊపిరి తియ్యనివ్వాలోయ్. మూత కొంచెం వదులుగా."

ఆ మరక మీద మూడుసార్లు సున్నం కొట్టాం.
చెమ్మ పడితే మళ్ళీ తేలుతుంది.
డాల్ఫిన్ నోస్ కొండ అంటుంది మా చిన్నది.
కాదు, బోర్లించిన చెప్పు అంటుంది గౌరీశ్వరి.

రెండో ఏడాది వెనిగరైంది.
ఉల్లిపాయల్లో పోసుకుని తిన్నాం, బానే ఉంది.

మూడో ఏడాది కుదిరింది.
ఏడు సీసాలు, మడ్డి తేరడానికి వదిలేశాను.
అక్టోబరులో హుద్‌హుద్ వచ్చింది.

స్నానాలగదిలో మేం నలుగురం, ఆంటీ, ఆంటీ కుక్క,
మధ్యలో తువ్వాళ్ళు చుట్టిన సీసాలు.
సర్టిఫికెట్లు, బంగారం బీరువాలోనే మర్చిపోయాం.
తుఫాను కన్ను ఊరి మీదకొచ్చి
ఒక్కసారి అంతా నిశ్శబ్దమైనప్పుడు
ఆంటీ అడిగింది,
"మూతలు వదులుగానే పెట్టావా?"
చీకట్లో నవ్విందెవరో తెలీదు.
కుక్క కాదు.

తెల్లారి చూస్తే రోడ్డుకి అడ్డంగా చెట్టు.
వేళ్ళకి ఎర్రమట్టి, వీధిలో అవసరానికి మించిన ఆకాశం.
రంపాలు తెచ్చి కోస్తుంటే వెళ్ళి నిలబడ్డాను,
లోపల కూడా ఊదా ఉంటుందేమోనని.
మామూలు కర్రే.

క్రిస్మస్‌కి ఆరు సీసాలు అయిపోయాయి.
ఆంటీ గ్లాసు వెలుతురుకి ఎత్తి,
చిన్న గుక్క నాలిక మీద ఆపి,
"ఐదు లవంగాలేశావు," అంది.
వేశాను.

ఇప్పుడు పండు కంచరపాలెంలో కొంటున్నాను,
కిలో నూట అరవై. అదీ బాగానే పులుస్తుంది.
మంచం కింద అదే చప్పుడు,
ఇప్పుడు నా మోకాళ్ళదీ కలుస్తోంది.

ఏడో సీసా వంటింటి అటక మీద,
గౌరీశ్వరి ఆవకాయ జాడీ వెనక.
ఎవరు పెట్టారో నేనడగలేదు, తను చెప్పలేదు.
పోర్టు బొగ్గుమసి దేన్నీ వదలని ఊళ్ళో
దాని మీద దుమ్ము లేదు.