వినోదినికి, రేపటి తొమ్మిదింటి క్లాసు ముందు

ముందు ఫోన్ని నిలబెట్టడం నేర్చుకో.
స్టాండు కొనక్కర్లేదు,
కందిపప్పు డబ్బా మీద కుంచం బోర్లించి
దానికే చేరేశాను బడి మూసిన నెలలన్నీ.
కిటికీకి వీపు పెట్టి కూర్చోకు.
కూర్చున్నావా,
పిల్లలకి నువ్వు కాదు, నీ నీడ పాఠం చెబుతుంది.

పలాసలో రైలు అడక్కుండా క్లాసులోకొస్తుంది.
దాంతో పోటీపడి అరవకు.
గూడ్సు పోయేదాకా పలక మీద రాస్తూ ఉండు,
పెద్ద అక్షరాలు, పలక్కి మూడే వరసలు.

"అర్థమైందా" అని మాత్రం అడక్కు.
అయిందనే అంటారు నలభై మందీ.
ఫోను మంచమ్మీద వదిలేసి
గేదెని విప్పడానికెళ్లినవాడు కూడా అయిందనే అంటాడు,
ఎలాగో నాకిప్పటికీ తెలీదు.
"ఈ లెక్కలో నేనెక్కడ తప్పాను?" అని అడుగు.
అడిగి, మనసులో పది లెక్కపెట్టు.
ఏడు దగ్గర భయమేస్తుంది, నెట్టు పోయిందేమోనని.
పోలేదు. ఆగు.
తొమ్మిది దగ్గర ఎవరో గొంతు సవరించుకుంటారు.

కెమెరా పెట్టమని పట్టుబట్టకు.
తవిటినాయుడి వెనక గోడ లేదు.
తుఫాను తీసుకుపోయిన చోట నీలం పట్టా కట్టారు,
గాలొస్తే అది వాడి ముఖమ్మీద కొడుతుంది.

వీడియోలు పంపకు.
ఆ ఫోను వాళ్ల నాన్నది, ఆటోలో ఉంటుంది పగలంతా,
రాత్రికి అందులో మిగిలే డేటా చిటికెడు.
ఒక ఫొటో, రెండు నిమిషాల నీ గొంతు. చాలు.

ఢిల్లీశ్వరి రోజూ ఆలస్యం.
ఒకరోజు అందరి ముందూ గట్టిగానే అడిగాను.
"ఫోను తెరుసుకోనేదు మేడం,
నా యేలు దానికి తెలవడం నేదు" అంది.
జీడిపిక్కలు కొట్టే వేలు.
నూనె తినేసింది గీతలన్నీ, వాళ్లమ్మకీ అంతే.
ఆ సాయంత్రం దగ్గర కూర్చోబెట్టుకుని
అంకెలు నొక్కి తెరవడం నేర్పాను.
ఆ నాలుగంకెలూ నాకు చెప్పబోయింది.
ఎవరికీ చెప్పకూడదే అన్నాను, నాకు కూడా.
ఆరోజు నేను సరిగ్గా చెప్పిన పాఠం అదొక్కటే.
అప్పట్నుంచి ఆలస్యాల సంగతి
క్లాసయ్యాక, ఒక్కరికే ఫోన్ చేసి అడుగుతున్నాను.

ఇంకోటి, నవ్వకు.
సరూప త్రిభుజాలు మొత్తం మ్యూట్‌లో చెప్పాను.
ఇరవై రెండు నిమిషాలు!
చేతులూపాను, మధ్యలో ఒక జోకు కూడా వేశాను.
ఒక్క గుంటా నోరెత్తలేదు. మర్యాద మరి.
చివర్లో ఒక మెసేజీ:
"మీ మాట రానేదు మేడం. బొమ్మ అర్తమయింది."
పేరు చూస్తే ఢిల్లీశ్వరి.
రెండు రోజులు సిగ్గుతో అన్నం సయించలేదు.
మూడోరోజు అనిపించింది,
ముప్పై ఏళ్లుగా నేను
ఎన్ని బొమ్మల మీద మాట్లాడి అడ్డం పడ్డానో.

ఇంత పొడుగు చెప్పి ఇప్పుడంటున్నాను,
తక్కువ మాట్లాడు.
ఎర్ర గీత పడి ఉందేమో మైకు మీద
ఒకసారి చూసుకుని మొదలెట్టు.
కుంచం కడిగి మల్లేసు ఆటోలో పంపుతున్నాను.
పప్పు డబ్బా మాత్రం నీదే పెట్టుకో.