చెవి మార్చిన రాత్రి

మనామాలో అన్నిటికీ గడువుంటుంది.
పాల ప్యాకెట్టుకు, వీసాకు,
నా మెడలో వేలాడే బిల్లకు,
గుదైబియాలో నా గది అద్దె చీటీకి.
గడువు లేనిది ఈ దేశంలో ఒక్కటే కనపడింది నాకు:
లింబాద్రి వదిలి వెళ్ళిన తాళం చెవి.

ఇనుప ముక్క కాదు.
నలభై అక్షరాల ముద్ద, పలకబోతే నోరు తిరగదు.
కూలీల జీతాలను సముద్రం దాటించే మా కౌంటర్లు
బ్యాంకు తలుపు దగ్గర గొణిగే గుర్తు.
దాన్ని అతను ప్రోగ్రాములోనే రాసిపెట్టాడు,
పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో మన మాట:
"గిది తాత్కాలికం. రేపు మారుస్త."

ఆ రేపటికి నాలుగేళ్ళు.
ఈలోగా లింబాద్రి వీసా రద్దయింది.
వేలిముద్ర చెరిపేశారు, డ్రాయరు ఖాళీ చేయించారు,
అట్టపెట్టెకు తాడు బిగించుకుని విమానమెక్కాడు.
అతని చెవి మాత్రం ఇక్కడే ఉండిపోయి
సెలవడగకుండా డ్యూటీ చేస్తోంది.

ఎవరెవరి దగ్గరుందో వెతికాను.
టెస్టింగ్ కుర్రాడి లాప్‌టాప్‌లో.
ఆడిటరుకు పంపిన మెయిల్లో.
వాట్సాప్ గ్రూపులో, బిర్యానీ ఆర్డరుకీ
ఎవరిదో పుట్టినరోజు కేకుకీ మధ్య.
ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
ఇక్కడ దొంగ సంగతి తర్వాత,
ఇల్లంతా తలుపే.

మన భాషలో దీనికి చెవి అని పేరుపెట్టినవాడు
ఊరికే పెట్టలేదనిపిస్తుంది.
చెవికి ముఖాలు తెలియవు.
సరైన మాట వినపడితే చాలు,
గొంతు ఎవరిదైనా.

శుక్రవారం తెల్లవారుజాము మూడింటికి
జీతాల రద్దీ తగ్గాక కూర్చున్నాం,
నేనూ, జాసిమ్, ఫ్లాస్కునిండా కరక్ చాయ్.
కొత్త చెవిని పుట్టించి
నేను కూడా చూడలేని చోట దాచాం.
ఆ "నేను కూడా" దగ్గర కాస్త నొచ్చుకున్నాను,
పదకొండేళ్ళ సర్వీసు కదా.
నమ్మకానికీ దీనికీ సంబంధం లేదన్నాడు జాసిమ్,
చక్కెర కలుపుతూ, నా వైపు చూడకుండా.

గంటసేపు పాతదీ కొత్తదీ రెండూ పనిచేశాయి,
ఒకే గేటు దగ్గర డ్యూటీ మార్చుకునే
ఇద్దరు వాచ్‌మన్లలా.
నాలుగింటికి పాతదాన్ని ఆపేశాను.
ఏమీ కాలేదు.
ఏమీ కాకపోవడాన్ని ఇద్దరం కాసేపు చూస్తూ కూర్చున్నాం.

నాలుగూ పదికి ఫోను.
అస్కర్ క్యాంపు పక్కన, ఏ జాబితాలోనూ లేని
పాత కియోస్కు ఒకటి,
కడుపులో లింబాద్రి చెవిని దాచుకుని బతుకుతోందట.
దాని ముందు పోశెట్టి అనే మనిషి.
"అరవై దినార్లు మింగింది మేడమ్, రశీదు రాలే.
బోరు మోటరు కాలింది, ఇయ్యాల్నే పంపాలె.
ఓవర్‌టైమ్ బస్సు అచ్చేస్తది."

నా వేలు పాత మీట మీదికి పోయింది.
ఒక్క నొక్కు నొక్కితే బతికొస్తుంది,
ఇరవై నిమిషాల కోసం, అంతే,
తాత్కాలికం

ఆ మాట దగ్గర వేలు ఆగిపోయింది.

జాసిమ్ అప్పటికే కారు తాళాలు అందుకున్నాడు.
సిత్రా దాటుతుంటే రిఫైనరీ మంట
ఎవరికీ కాకుండా వెలుగుతోంది.
మేం చేరేసరికి బస్సు వెళ్ళిపోయింది.
నోటు దూర్చే సందులో మడత పెట్టిన కాగితం,
దాని మీద ఫోన్ నంబరు, కింద వణికిన సంతకం.
కియోస్కు పొట్ట విప్పి, పాతది పెరికి,
కొత్త చెవిని అదే వెళ్ళి అడిగి తెచ్చుకునేలా చేసి
ఐదూ ఆరుకి ఆ అరవై దినార్లు దాటించాం.
పోశెట్టికి మెసేజ్ పెట్టాను. జవాబు లేదు,
పనిలో ఫోన్లు ముట్టనివ్వరేమో.

జాబితా చివర రాశాను: అస్కర్ కియోస్కు.
పక్కన తేదీ, సరిగ్గా తొంభై రోజులకు.
ఇప్పుడు దానికీ గడువుంది, మాకున్నట్టే.

తెల్లారాక గది తలుపు తీస్తూ
చేతిలోని ఇత్తడి చెవిని చూసుకున్నాను.
నాకు ముందు ఈ గదిలో ఉన్నవాళ్ళది ఇది.
వాళ్ళకు ముందువాళ్ళదేమో కూడా.
ఆరేళ్ళుగా దీంతోనే తీస్తున్నాను,
లోపలికెళ్ళి గడియ పెట్టుకుని
నిశ్చింతగా నిద్రపోతున్నాను.